‘పాజిటివ్‌గా ఉండు’ అని అందరూ అంటారు, ఎలా ఉండాలో ఎవరూ చెప్పరేం?

ఎర్రగీత
నాకు నలభై దాటాయి. ఆఫీసులో మా విభాగం పనంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మారుతోంది, అందరూ నేర్చుకోవాల్సిందే అన్నారు. చదువు వదిలేసి ఏళ్లయింది. సాయంత్రం పనులు తెముల్చుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పాఠం చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా నాలుగు లైన్లు రాస్తే చాలు, తెర నిండా ఎర్రక్షరాలు. గుండె జారిపోతుంది. ‘ఈ వయసులో నాకెందుకొచ్చిన తిప్పలు’ అని మూసేస్తాను.

ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట, పాజిటివ్‌గా ఆలోచించు. ఆఫీసుకొచ్చిన ట్రైనర్ ఒకాయన రోజూ అద్దం ముందు నిలబడి ‘నేను తెలివైనదాన్ని, ఏదైనా నేర్చుకోగలను’ అని చెప్పుకోమన్నాడు. చెప్పుకుంటున్నాను. చెప్పిన ప్రతిసారీ లోపల్నుంచి ఇంకో గొంతు ‘అవునా, మరి నిన్న రాత్రి సంగతేంటి?’ అంటోంది. మునుపటికంటే ఇప్పుడే ఎక్కువ నీరసంగా ఉంది.

నమ్మకం ముందు వచ్చి దాని వెనక చదువు వస్తుందా, చదువు వచ్చాక నమ్మకం వస్తుందా? మొదటిదే నిజమైతే ఆ నమ్మకం ఎక్కడ దొరుకుతుందో చెప్పి పుణ్యం కట్టుకోండి.

మూలబెంచీ
ఆ రెండో గొంతుకి కూడా ట్రైనింగ్ ఇప్పించాల్సింది. మీ ఆఫీసువాళ్లు ఒకరికే ఫీజు కట్టినట్టున్నారు.

వేకువపక్షి
నవ్వులాటకేం గానీ, నాకు ఇది బాగా పనిచేసింది. నిద్ర లేవగానే నాలుగు మంచి మాటలు చెప్పుకుంటాను, రోజంతా ఉత్సాహంగా ఉంటుంది. యద్భావం తద్భవతి అని పెద్దలు ఊరికే అనలేదు. మానకండి, కాకపోతే నమ్మకంతో చెప్పండి. అనుమానంతో చెప్తే ఫలితం ఉండదు.

చుక్కలెక్క
@వేకువపక్షి నమ్మకం రావడానికేమో చెప్పుకోమంటారు, చెప్పుకోవడానికేమో నమ్మకం కావాలంటారు. అప్పు కావాలంటే ముందు డబ్బున్నట్టు చూపించమన్నట్టుంది.

ఎర్రగీత గారికి జరిగినదాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2009లో జోయాన్ వుడ్ అనే సైకాలజిస్టు, తన సహచరులతో కలిసి, కొంతమంది చేత ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అన్న వాక్యం మళ్లీ మళ్లీ చెప్పించింది. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకి కాస్త మేలు జరిగింది, అదీ కొంచెమే. ఆ అభిప్రాయం తక్కువగా ఉన్నవాళ్లకి మాత్రం, ఏమీ చెప్పుకోనివాళ్లకంటే మనసు ఇంకా బాగోలేకుండా పోయింది. ఎవరికి అవసరమో వాళ్లకే పడలేదు.

వేకువపక్షి
మరి నాకు పనిచేసిందిగా?

చుక్కలెక్క
మీకు మీ మీద ముందునుంచే నమ్మకం ఉంది. మీ పోస్టులు చూస్తేనే తెలుస్తోంది.

వేకువపక్షి
దీన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటున్నాను.

మూలబెంచీ
చూశారా, అదీ పాజిటివ్ అంటే.

పాతమాస్టారు
లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ‘నాకు లెక్కలు రావు సార్’ అనే పిల్లలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ‘వస్తాయిరా, ప్రయత్నించు’ అంటే ఎవడికీ రాలేదు. ఆ మాట వాడు ఇంట్లోనూ బడిలోనూ విని విని విసిగిపోయి ఉంటాడు. అందుకని నేను ‘ఏది రాదు?’ అని అడిగేవాణ్ణి. ‘అన్నీ’ అనేవాడు. ‘అన్నీ అంటే కుదరదు, చేసి చూపించు’ అనేవాణ్ణి.

నోట్‌బుక్కు తెరిపించి ఒక సమీకరణం ఇస్తే మొదటి రెండు మెట్లూ శుభ్రంగా చేసేవాడు. మూడో మెట్టులో బ్రాకెట్ వస్తుంది, దాని ముందు మైనస్ ఉంటుంది. విప్పేటప్పుడు లోపలున్న మొదటిదాని గుర్తు మారుస్తాడు, రెండోదాన్ని అలాగే వదిలేస్తాడు. అక్కణ్ణుంచి కింద పేజీ అంతా తప్పే. కిందటి ఏడాది నోట్‌బుక్కు తీసి చూసినా సరిగ్గా అక్కడే తప్పు. ‘ఒరేయ్, నీకు లెక్కలు రాకపోవడం కాదు, బ్రాకెట్ విప్పినప్పుడు రెండో గుర్తు మార్చడం లేదు, అంతే’ అంటే వాడు ముందు నమ్మేవాడు కాదు. అలాంటివి ఇంకో నాలుగు చేయించాక నమ్మేవాడు. లెక్కలు రాకపోవడమంటే జన్మంతా మోసుకు తిరగాల్సిన మాట. రెండో గుర్తు ఒక్క మధ్యాహ్నం పని.

మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీని మీద చాలాకాలం పనిచేశాడు. దెబ్బ తగిలినప్పుడు మనకు మనం ఏం కారణం చెప్పుకుంటామన్నది ఆయన చూశాడు. తేలిగ్గా కుంగిపోయేవాళ్లు ‘తప్పంతా నాదే, ఇది ఎప్పటికీ మారదు, అన్నిట్లోనూ నా బతుకింతే’ అనుకుంటారట. అమ్మా ఎర్రగీతా, మీరు రాసింది ఇంకోసారి చదవండి. వయసు గురించి రాశారు, గుండె జారడం గురించి రాశారు. ఏ లైను దగ్గర ఆగిపోయిందో మాత్రం రాయలేదు.

రోజూ పడుకునే ముందు ఒక కాగితం మీద ‘ఈరోజు సరిగ్గా ఎక్కడ ఆగాను’ అన్నది ఒక్క వాక్యంలో రాయండి. ‘రాదు’ అన్న మాట వాడకూడదు, అదొక్కటే షరతు.

చుక్కలెక్క
మాస్టారు చెప్పిన సెలిగ్‌మన్ కథలో ఒక మలుపుంది. 1967లో ఆయనా స్టీవెన్ మేయర్ కలిసి కుక్కల మీద ప్రయోగం చేశారు. ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత దూకి తప్పించుకునే వీలున్నా చాలావరకు కదల్లేదు. తమ చేతిలో ఏమీ లేదని అవి నేర్చుకున్నాయి అన్నారు. ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాలన్నీ అదే చెప్పాయి. 2016లో ఆ ఇద్దరే, మెదడు మీద ఈ మధ్యలో జరిగిన పరిశోధనంతా చూసి, మేం తిరగేసి చెప్పామన్నారు. ఎడతెగని కష్టంలో చతికిలబడటం ఏ ప్రాణికైనా తనంత తానే వస్తుంది, అది నేర్చుకునేది కాదు. ‘నా చేతిలో కొంత ఉంది’ అన్నదే నేర్చుకోవాల్సిన సంగతట.

కాబట్టి ఎర్రగీత గారూ, గుండె జారడం మీ లోపమేమీ కాదు. అది అందరికీ జారుతుంది.

గాలిపటం_తోక
కుక్కలకి షాకులా?? ఛీ, ఏం మనుషులండీ.

మూలబెంచీ
అద్దం చూపించినా సరిపోయేది పాపం.

సెమికోలన్
@ఎర్రగీత మాస్టారు అడిగిందే నేనూ అడుగుతున్నా. ఆ ఎర్రక్షరాల్లో అన్నిటికంటే చివరి లైనులో ఏముంది? ఇక్కడ పెట్టండి.

ఎర్రగీత
ఆ చివరిదాకా ఎవరు చదువుతారండీ, మొదటి లైనుకే చెమటలు పడుతుంటే. ఉండండి, చూస్తాను. ‘నేమ్ ఎర్రర్’ అని ఉంది. ‘టోటల్’ అన్న పేరు డిఫైన్ కాలేదట. నేను పైనే పెట్టాను కదా!

సెమికోలన్
పైథాన్ ఎర్రర్‌ని కింద నుంచి పైకి చదవాలి. చివరి లైను ఏం జరిగిందో చెప్తుంది. దాని పైన ఏ ఫైలు, ఎన్నో లైను అన్నది ఉంటుంది. మొదలుపెట్టినప్పుడు ఆ రెండూ చూస్తే చాలు, మిగతాదంతా వదిలేయండి.

నేమ్ ఎర్రర్ అంటే ‘ఈ పేరెవరిదో నాకు తెలియదు’ అంటోంది. మామూలుగా మూడు కారణాలు. స్పెల్లింగ్ తేడా. లేకపోతే ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం, పైథాన్‌కి ఆ రెండూ వేర్వేరు పేర్లు. లేకపోతే పేరు పెట్టకముందే వాడేశారు. మీది రెండోదేమో చూడండి.

నేను ఈ ఉద్యోగంలో పాతుకుపోయినవాణ్ణి. ఎర్రక్షరాలు చూడకుండా ఒక్క పూట గడవదు. మీరు వాటిని తిట్టులా వింటున్నారు. నాకవి అడ్రసు చెప్తున్నట్టు వినపడతాయి.

ఎర్రగీత
నిజమేనండీ! పైన పెద్దక్షరంతో మొదలుపెట్టాను, కింద చిన్నక్షరం. మార్చాను. నడిచింది. ఇంతేనా?

మూలబెంచీ
ఇంతే. వెళ్లి ఆ రెండో గొంతుకి చెప్పిరండి.

రాత్రిడ్యూటీ
అంతా మనసు గురించే మాట్లాడుతున్నారు గానీ ఒంటి గురించి ఎవరూ అనరే. నాది నర్సు ఉద్యోగం, రాత్రి షిఫ్టులు. ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడ. పై కోర్సు ఒకటి పూర్తిచేస్తే ప్రమోషన్. పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. మా ఇన్‌ఛార్జి ఏమంటుందో తెలుసా? ‘నీకు ఇంట్రెస్ట్ లేదు, యాటిట్యూడ్ మార్చుకో.’ నిద్ర లేకపోవడాన్ని కూడా తీసుకెళ్లి నా యాటిట్యూడ్ ఖాతాలో వేసేసింది.

వేకువపక్షి
మనసుంటే మార్గం ఉంటుందండీ.

రాత్రిడ్యూటీ
మార్గం ఉంది. అందులోనే పడి నిద్రపోతున్నాను.

పాతమాస్టారు
ఈ అమ్మాయి చెప్పినదాంట్లో న్యాయముంది. షిఫ్టు మార్చాల్సినవాళ్లు, మనిషిని పెంచాల్సినవాళ్లు ‘పాజిటివ్‌గా ఉండు’ అంటే వాళ్ల చేతికి మట్టి అంటదు. ఈ మాటకి ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో నాకు అక్కడే అర్థమవుతుంది.

చుక్కలెక్క
పైగా నిద్ర చదువుకి పోటీ కాదు. జెన్కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు 1924లోనే చూపించారు. ఏదైనా కంఠస్థం చేసి మెలకువగా తిరిగితే మర్చిపోయేదానికంటే, చేసి నిద్రపోతే మర్చిపోయేది తక్కువ. తర్వాత వచ్చిన పరిశోధనా చాలావరకు అటే మొగ్గింది. చదివి పడుకోండి, పడుకోవడం కూడా చదువులో భాగమే అనుకోండి.

రాత్రిడ్యూటీ
ఈ పోస్టు ప్రింటు తీసి మా ఇన్‌ఛార్జి బల్ల మీద పెడతాను.

గాలిపటం_తోక
నా కేసు రివర్స్. చదివేటప్పుడు ఫుల్ కాన్ఫిడెన్స్. ఒకటికి నాలుగుసార్లు తిరగేస్తా, రంగుల పెన్నుతో గీతలు కొడతా, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే బుర్ర ఖాళీ. నాకు పాజిటివ్ ఎక్కువైందేమో, కొంచెం ఎర్రగీత ఆంటీకి ఇచ్చేయమంటారా?

ఎర్రగీత
ఇవ్వు బాబూ, కాకపోతే ఆంటీ వద్దు, అక్క అను.

పాతమాస్టారు
నీకు ఎక్కువైంది చూపు, తక్కువైంది చేత. మూసి చెప్పడం అలవాటు చేసుకో. పేజీ చదివాక పుస్తకం మూసి, ఏముందో తెల్ల కాగితం మీద రాయి. సగం రాదు. రానిదేదో చూసి మళ్లీ మూసెయ్.

చుక్కలెక్క
దీనికి మంచి ప్రయోగమే ఉంది. రోడిగర్, కార్పికీ, 2006. విద్యార్థులకి ఒక వ్యాసం ఇచ్చారు. కొందరు రెండోసారి చదివారు, కొందరు చదవకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే తిరగబడింది. గుర్తున్నది రాసినవాళ్లకి 56, మళ్లీ చదివినవాళ్లకి 42. ఇంకో సంగతి, ఆ వరసలోనే చేసిన రెండో ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ‘మాకు బాగా గుర్తుంటుంది’ అని ధీమాగా చెప్పారు.

సెమికోలన్
ఆగండాగండి. ఇది అసలు ప్రశ్నకి కూడా తగులుతుంది. ఎర్రగీత గారు పాఠం చూస్తున్నప్పుడు అంతా వచ్చినట్టుంది, సొంతంగా రాస్తే ఏమీ రానట్టుంది అన్నారు. అంటే హాయిగా ఉన్న గంటలో పెద్దగా ఏమీ నేర్చుకోలేదు, ఏడుపొచ్చిన గంటలోనే నేర్చుకున్నారు!

చుక్కలెక్క
సరిగ్గా అదే. రాబర్ట్ బ్యోర్క్ 1994 నుంచీ ఈ మాట చెప్తున్నాడు. నేర్చుకునేటప్పుడు కొన్ని రకాల ఇబ్బంది మంచిది. గుర్తు తెచ్చుకోవడానికి తన్నుకులాడటం, విడతలు విడతలుగా చదవడం, రకరకాల లెక్కలు కలిపి చేయడం లాంటివి. అప్పటికి నత్తనడకలా అనిపిస్తుంది, తర్వాత నిలబడేది అదే. అన్ని కష్టాలూ కాదు సుమా. రాత్రిడ్యూటీ గారి నిద్రలేమి ఈ జాబితాలో లేదు.

వేకువపక్షి
అయితే కష్టంగా ఉందంటే వస్తోందని అనుకోవాలి. ఇదీ పాజిటివ్ థింకింగే కదా మరి? నేను చెప్పినదానికి వేరే బట్టలు తొడిగారు, అంతేగా.

చుక్కలెక్క
తేడా ఉంది. మీరు చెప్పమన్న మాట నిజమో కాదో తెలియదు. ఇది పరీక్ష పెట్టి చూసుకోవచ్చు, వారం తర్వాత గుర్తుందా లేదా అని.

వేకువపక్షి
సరే, సగం ఒప్పుకుంటాను. కానీ ఏదైనా 21 రోజులు విడవకుండా చేస్తే అలవాటైపోతుంది. దీన్ని మాత్రం కాదనకండి.

చుక్కలెక్క
కాదంటాను.

మూలబెంచీ
మొదలైంది.

చుక్కలెక్క
ఆ 21కి మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ తర్వాత కొత్త మొహానికి అలవాటు పడటానికి మనుషులకి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ‘కనీసం’ అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. 2010లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చూస్తే, ఒక పని అలవాటుగా మారడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదని కూడా కనిపించింది. 21 రోజుల లెక్క పట్టుకున్నవాళ్లు 22వ రోజున ‘నాకింకా అలవాటు కాలేదు, నేనింతే’ అని మానేస్తారు, నా బాధ అది.

మూలబెంచీ
ఆ 254 రోజులాయన ఎవరో పరిచయం చేయండి. మాకేదో చుట్టరికం ఉండి ఉంటుంది.

ముందుజాగ్రత్త
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను, ఇక ఆగలేను. నేను అచ్చమైన నెగటివ్ మనిషిని. మీటింగుందంటే ప్రొజెక్టర్ పనిచేయదు, ఫైలు తెరుచుకోదు, ఎవరో అడ్డదిడ్డమైన ప్రశ్న వేస్తారు అని ముందే అన్నీ ఊహించుకుంటాను. ఊహించుకున్నవాటన్నిటికీ ఏర్పాటు చేసుకుని వెళ్తాను. మా ఆవిడ ‘మంచే జరుగుతుంది, నిశ్చింతగా ఉండండి’ అంటే చేతులు ఆడవు. నన్ను మార్చాలని చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. నా పని మాత్రం ఎప్పుడూ చెడలేదు. నా మానాన నన్ను వదిలేయకూడదా?

మనసుమాట
వదిలేయవచ్చు. కౌన్సెలింగ్ చేస్తాను, మీలాంటివాళ్లు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తారు, ఎక్కువగా ఇంట్లోవాళ్లు పంపిస్తే. 1986లో జూలీ నోరెమ్, నాన్సీ కాంటర్ మీలాంటివాళ్ల మీద పరిశోధన చేశారు. కీడెంచి మేలెంచే రకం. మామూలుగా వాళ్ల పనితీరు ఆశావాదులకేమీ తీసిపోలేదు. ‘నువ్వు బాగా చేస్తావులే’ అని ధైర్యం చెప్పి వాళ్ల ఆందోళనకి అడ్డుపడినప్పుడే తగ్గింది.

కాకపోతే ఒక గీత ఉంది. మీరు కీడు ఊహించుకుని లేచి ఏర్పాటు చేసుకుంటున్నారు. కొందరు ఊహించుకుని అక్కడే కూర్చుండిపోతారు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

ముందుజాగ్రత్త
మా ఆవిడకి చూపించాను. ‘ఆ కౌన్సెలర్ మీ ఆఫీసులో మనిషేనా’ అంది.

మనసుమాట
:) వచ్చాను కాబట్టి ఎర్రగీత గారి మొదటి ప్రశ్నకి కూడా చెప్తాను. ఆల్బర్ట్ బండూరా 1977లో, ‘నేను ఈ పని చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో రాశాడు. నాలుగు చోట్ల నుంచి అన్నాడు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎవరైనా చెప్పి ఒప్పించడం, ఒంట్లో గుండెదడ లాంటివాటిని మనం అర్థం చేసుకునే తీరు. అన్నిట్లోకీ గట్టిది మొదటిది. మాటతో వచ్చిన నమ్మకం ఒక్క దెబ్బకి పోతుంది. మీ ట్రైనర్ మూడోదాంతో మొదలుపెట్టాడు. సెమికోలన్ గారు ఒక్క నేమ్ ఎర్రర్‌తో మొదటిదాన్ని ఇప్పించారు. ‘మనలాంటివాళ్లు’ అన్నచోట కూడా కొంచెం ఆగండి. పాతికేళ్ల కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే మీకు ధైర్యం రాదు. మీ వయసులో మొదలుపెట్టి మీకంటే రెండు పాఠాలు ముందున్న మనిషిని వెతుక్కోండి.

నాలుగోది గాలిపటం కోసం. పరీక్షకి ముందు టెన్షన్ వస్తే ‘కూల్, కూల్’ అనుకుంటావా?

గాలిపటం_తోక
అవును, అనుకున్నకొద్దీ పెరుగుతుంది.

మనసుమాట
అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ఇదే చూసింది. పాట పాడటం, ఉపన్యాసం, లెక్కల పరీక్ష లాంటివాటికి ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవాళ్లు, తమను తాము శాంతపరచుకోబోయినవాళ్లకంటే బాగా చేశారు. గుండెదడ రెండింట్లోనూ ఉంటుంది, పేరు మార్చడం తేలిక, దడ ఆపడం కష్టం.

వేకువపక్షి
ఇదిగో! ఇప్పుడు మాటలు పనిచేస్తున్నాయిగా. @చుక్కలెక్క ఏమంటారు?

చుక్కలెక్క
ఉన్న దడకి పేరు పెట్టుకోవడం, లేని తెలివి ఉందనుకోవడం ఒకటి కాదంటాను. అయినా ఈ రౌండ్ మీదే.

ఇద్దరిబాబు
పిల్లల సంగతి అడగవచ్చా? మా పెద్దవాణ్ణి చిన్నప్పట్నుంచీ ‘నువ్వు చాలా షార్ప్‌రా’ అని మెచ్చుకుంటూ పెంచాం. ఇప్పుడు కొంచెం కష్టమైన పజిల్ ఇస్తే ముట్టుకోడు. ‘బోర్’ అంటాడు. తేలికవి మాత్రం టకటకా చేసి తెచ్చి చూపిస్తాడు.

పాతమాస్టారు
బోర్ కాదు నాయనా, భయం. షార్ప్ అన్న బిరుదు పోతుందని. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసి చూశారు. కొన్ని పజిల్స్ అయ్యాక కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత ఏది కావాలో ఎంచుకోమంటే తెలివి అనిపించుకున్నవాళ్లలో ఎక్కువమంది తేలికదాన్నే ఎంచుకున్నారు. కష్టమైనది ఇచ్చి ఓడిపోయేలా చేశాక వాళ్ల ఆసక్తీ తగ్గింది, మార్కులూ తగ్గాయి.

చుక్కలెక్క
మాస్టారూ, ఇక్కడ కొంచెం నెమ్మది. తెలివి కష్టపడితే పెరుగుతుందనే డ్వెక్ ఆలోచన (గ్రోత్ మైండ్‌సెట్ అంటారు) మీద తర్వాత పెద్ద వ్యాపారమే నడిచింది. బడుల గోడల మీద పోస్టర్లు, ట్రైనింగులు. 2018లో విక్టోరియా సిస్క్, ఇంకొందరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మొత్తం మీద ప్రభావం చాలా తక్కువ. 2019లో డేవిడ్ యేగర్ బృందం అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలతో చేసింది. గంటలోపు అయిపోయే ఆన్‌లైన్ పాఠం. వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. ఉంది, కానీ ఇంతే.

పాతమాస్టారు
గంట పాఠానికి అంతకంటే ఎక్కువ ఆశించడమే అత్యాశ. నేను పోస్టరు అంటించమనలేదు. ‘కష్టపడ్డావు’ అని ఊరికే పొగడమనీ అనలేదు. తప్పుడు దారిలో కష్టపడేవాణ్ణి మెచ్చుకుంటే ఆ దారినే పోతాడు. డ్వెక్ కూడా 2015లో ఆ మాటే రాసింది. ఏం చేశాడో చూసి చెప్పాలి. ‘అంచులు ముందు పేర్చావు, బాగుంది, ఈ మూల ఎందుకు ఆగావు?’ అంటే వాడు మూల గురించి మాట్లాడతాడు.

ఇద్దరిబాబు
చేస్తే బహుమతి ఇస్తానంటే?

చుక్కలెక్క
వాడికి ఇష్టం లేని పనికైతే ఇచ్చి చూడండి. ఇష్టంగా చేసేదానికి మాత్రం ఇవ్వకండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలకి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. వారం, రెండు వారాల తర్వాత చూస్తే ఆ పిల్లలు తమంతట తాము గీయడం తగ్గిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లు మామూలుగానే గీశారు.

నిర్వాహకుడు
పిల్లల పెంపకం మీద ఇంకా మాట్లాడాలంటే దానికి విడిగా థ్రెడ్ ఉంది. బహుమతి అన్న మాట వస్తే ఇక్కడ నలభై పోస్టులు పడతాయి, మాకు అనుభవమే.

పెన్నుమూత
ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మీరంతా నేర్చుకోవడం గురించి మాట్లాడుతున్నారు. నాకు దేని మీదా మనసు పోవడం లేదు. ఇదివరకు ఇష్టంగా చేసినవి కూడా. స్నానానికి లేవడమే పెద్ద పనిలా ఉంది. చాలా వారాలుగా ఇంతే. ఇంట్లో బద్ధకం అంటున్నారు. కాగితం మీద ఒక వాక్యం రాయమన్నారు కదా, అది కూడా రాయలేకపోతున్నాను.

వేకువపక్షి
అలా అనుకోకండి, బయట ఎండలో కాసేపు...

మనసుమాట
@వేకువపక్షి ఒక్క నిమిషం ఆగండి, ఇది నేను తీసుకుంటాను.

పెన్నుమూత గారూ, మీరు చెప్పింది దృక్పథం మార్చుకుంటే పోయే సంగతి కాకపోవచ్చు. రోజులో ఎక్కువసేపు దిగులు, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, ఇవి రెండు వారాలు దాటి ఉంటే డాక్టరుకి చూపించుకోవాలి. డిప్రెషన్ కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా ఇలాగే నీరసపెడతాయి, రక్త పరీక్షలో తెలుస్తుంది. నేను ఇక్కణ్ణుంచి ఏదీ తేల్చలేను. చచ్చిపోవాలన్న ఆలోచన ఏమాత్రం వచ్చినా రేపటిదాకా ఆగకండి, పక్కనున్న మనిషికి ఇప్పుడే చెప్పండి, అత్యవసర సాయానికి వెళ్లండి.

దీనికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సలూ ఉన్నాయి. వాటిలో ఒకటి మనసు బాగుపడేదాకా కాచుకోకుండా చిన్న పనితో మొదలుపెడుతుంది. స్నానం కాదు, మంచం మీద లేచి కూర్చోవడం. మనసు తర్వాత మెల్లగా వెంట వస్తుంది. మీకు నచ్చజెప్పడానికి కాదు ఇది రాసింది, అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి. ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, చూడండి.

రాత్రిడ్యూటీ
డ్యూటీలో రోజూ చూస్తుంటాను, బద్ధకం అనిపించుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లని. వెళ్లండి, ప్లీజ్. ఫోన్ చేయడం కష్టంగా ఉంటే ఇంట్లో ఎవరిచేతనైనా చేయించండి.

పెన్నుమూత
మెసేజ్ చూశాను. చెల్లెలికి చెప్పాను, తను ఫోన్ చేస్తానంది.

సెమికోలన్
మంచి పని చేశారు.

మనసుమాట గారిని ఒకటి అడగాలి. మా దగ్గర కొత్తగా చేరేవాళ్లకి ‘పెద్ద ఉద్యోగం వచ్చేసినట్టు కళ్లు మూసుకుని ఊహించుకోండి’ అని చెప్తుంటారు. దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా?

మనసుమాట
ఒరగకపోగా ఎదురు తిరగవచ్చు. గాబ్రియెల్ ఓటింగెన్ 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఆడవాళ్లని గమనించింది. తగ్గుతామన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగానే తగ్గారు. అప్పుడే సన్నబడిపోయినట్టు తియ్యటి ఊహల్లో తేలినవాళ్లు తక్కువ తగ్గారు. ఊహలోనే సగం సుఖం దక్కేస్తుంది కాబోలు, కాళ్లు కదలవు. ఆమె చెప్పేదేమిటంటే, కోరికని ఊహించుకున్న వెంటనే దానికి అడ్డమేమిటో కూడా చూడాలి, ఆ అడ్డానికి ‘ఇలా అయితే అలా చేస్తాను’ అని ముందే అనుకుని పెట్టుకోవాలి. ఆ చివరి భాగం ఆమె భర్త పీటర్ గోల్‌విట్జర్ చేసిన పని.

ముందుజాగ్రత్త
అంటే నేను చేసేదే!!

మూలబెంచీ
థ్రెడ్‌లో అందరికంటే పాజిటివ్ మనిషి ఈయనేనని తేలింది. వేకువపక్షి గారూ, తమరి కిరీటం దించాలి.

ఎర్రగీత
రెండు రోజులు రాలేదు, ఇంత జరిగిందా. ‘ఇలా అయితే అలా’ నాకు నచ్చింది. ఎర్రక్షరాలు వస్తే మూసేయను, చివరి లైను నోట్‌బుక్కులో ఎక్కిస్తాను అని రాసిపెట్టుకున్నాను. ట్రైనర్ వాక్యం మానేశాను. మాస్టారు చెప్పిన కాగితాన్ని నోట్‌బుక్కు చేశాను. నిన్నటి వాక్యం ‘లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) లోపల ఉండాల్సిన లైను ఎడమకి జరిగింది, అందుకే ఒక్కసారే ప్రింటైంది.’ ఇవాళ్టిది నాకూ అర్థం కావడం లేదు. జాబితాలో అయిదున్నాయి, అయిదోది అడిగితే ‘ఇండెక్స్ ఎర్రర్, రేంజ్ దాటింది’ అంటోంది. అయిదే కదా ఉన్నాయి, నేనడిగిందీ అయిదోదే కదా!

నమ్మకం వచ్చిందా అంటే లేదు. ఆఫీసులో ఎవరైనా కుర్రాడు నా తెర వైపు చూస్తే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుపోతోంది. ఆ కథ మారడానికి ఎన్నాళ్లు పడుతుందో.

మూలబెంచీ
18 నుంచి 254.

సెమికోలన్
పైథాన్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మొదటిది సున్నా, అయిదోది నాలుగు. మీరు అయిదు అంటే అది ఆరోదానికోసం వెతుకుతోంది.

ఎర్రగీత
సున్నా నుంచా? ఇదెక్కడి లెక్క? మాస్టారూ, మీరేమంటారు?

పాతమాస్టారు
నా సర్వీసంతా ఒకటి నుంచే లెక్కపెట్టించానమ్మా. ఈ పైథాన్ పాఠాల లింకు నాక్కూడా పంపండి, చూద్దాం.